అమెరికా అబ్బాయికి బెంగళూరు సంబంధమా, అక్కడి సంబంధమా?

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగువాళ్ల ఇళ్లలో తరచూ వినే మాట ఇది: అబ్బాయి అమెరికాలో హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాడు, పద్ధతి గల అమ్మాయి కావాలి. ఇక్కడ చూడాలా, అక్కడే ఉన్న తెలుగమ్మాయిని చూడాలా?

ఇక్కడి సంబంధమైతే పెద్దవాళ్లకు నిశ్చింత. ఇల్లూ వాకిలీ చూసి రావచ్చు, నలుగురి దగ్గరా వాకబు చేయొచ్చు. మరి అమ్మాయి ఉద్యోగం మాటేమిటి? ఆమె వెళ్లేది సాధారణంగా, ఆ వీసా ఉన్నవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే హెచ్‌-4 మీద. ఆ వీసాతో నేరుగా ఉద్యోగం చేయకూడదు. 2015 నుంచి వర్క్ పర్మిట్ ఇస్తున్నారు గానీ, మామూలుగా దానికి భర్త గ్రీన్‌కార్డు ప్రయత్నంలో కంపెనీ పెట్టే ఐ-140 అనే దరఖాస్తుకు ఆమోదం వచ్చి ఉండాలి. మాన్యతా టెక్ పార్కులో టీమ్‌ని నడిపిన అమ్మాయి అక్కడ ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చోవాల్సి రావచ్చు. నాకు అన్నిటికంటే బాధగా అనిపించేది ఇదే. పెళ్లిచూపుల్లో జీతం అడిగినట్టే ఐ-140 సంగతీ అడగాలి. మొహమాటపడకండి.

అక్కడే చదివి సొంత హెచ్‌-1బీ తెచ్చుకున్న అమ్మాయికి ఈ బెంగ లేదు. పైగా ఒకరి ఉద్యోగం పోతే, ఆ తర్వాత అక్కడ ఉండనిచ్చే 60 రోజుల గడువు దాటకముందే రెండోవాళ్ల మీద హెచ్‌-4కి దరఖాస్తు చేసుకోవచ్చు. ఇక్కడి నుంచి వాకబు చేయడం మాత్రం కష్టమే. పద్ధతి అంటారా, వరలక్ష్మీ వ్రతం అక్కడి ఇళ్లలోనూ చేస్తున్నారు.

నేనైతే ముందు అక్కడే చూడమంటాను. ఇక్కడి సంబంధమే కావాలనుకుంటే, ఐ-140 వచ్చాకే ముహూర్తం పెట్టుకోండి.