ఎనిమిదేళ్ళుగా మా ఇంట్లో ఒక సెస్నా 172: ఖర్చు, బరువు, ప్రయాణాలు

మా సెస్నా 172ఎం నాలుగు సీట్ల చిన్న విమానం, 1975లో తయారైంది. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. 2017లో 46 వేల డాలర్లకు కొన్నాం. డాలస్‌కు ఉత్తరాన ఒక చిన్న ఎయిర్‌పోర్టులో ఉంటుంది. ఇప్పటికి దాని మీద 540 గంటలు ఎగిరాను. లైసెన్సు నాది, ఖర్చుల పట్టిక మా వారిది. మనవాళ్ళ ఇళ్ళలో భోజనాల దగ్గర ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "విమానమంటే కోట్లు కదమ్మా, మీకెలా కుదిరింది?" అని. ప్రతిసారీ సగమే చెప్పగలుగుతున్నాను. ఇక్కడ మొత్తం రాస్తున్నాను.

కొన్న ధర అసలు సమస్యే కాదు. పాత సెస్నాను పద్ధతిగా చూసుకుంటే విలువ పెద్దగా పడిపోదు. 2020 తర్వాతైతే మా మోడల్ ధర పెరిగింది కూడా. విమానం ఎగరని రోజుల ఖర్చు మోయగలమా లేదా, అదీ చూసుకోవాల్సింది. నెలంతా వాతావరణం బాగాలేకపోయినా, పిల్లలకు జ్వరాలొచ్చినా, సెలవులకు రెండు నెలలు విజయవాడ వెళ్ళినా హ్యాంగర్ (విమానం నిలిపే షెడ్డు) అద్దె, ఇన్సూరెన్సు ఆగవు.

2018 లెక్క చెప్తాను, అప్పుడు విమానం మా ఒక్కరిదే. హ్యాంగర్ నెలకు 350, అంటే ఏడాదికి 4,200 డాలర్లు. ఇన్సూరెన్సు 1,100. ఏడాదికోసారి తప్పనిసరి తనిఖీ, యాన్యువల్ అంటాం, దానికి 2,600. మ్యాపుల సబ్‌స్క్రిప్షన్, చిల్లర మల్లర 400. ఒక్క గంట ఎగరకపోయినా 8,300 పోతాయి. ఇక ఎగిరితే గంటకు ఎనిమిదిన్నర గాలన్ల పెట్రోలు, అప్పటి ధరకు 44 డాలర్లు. ఆయిల్‌కు 4. ఇంజిన్‌ను 2,000 గంటలకు పూర్తిగా విప్పి బాగుచేయించమని తయారీదారు సలహా. దానికి 30 వేలవుతుందనుకుని గంటకు 15 పక్కన పెట్టాం. మొత్తం 63. ఆ ఏడాది 70 గంటలు ఎగిరాను. అన్నీ కలిపితే గంటకు దాదాపు 182 డాలర్లు పడింది. అదే రకం విమానం ఫ్లయింగ్ స్కూల్లో పెట్రోలుతో సహా గంటకు 145కే అద్దెకు దొరికేది. మా వారు లెక్క తిరగేసి చూస్తే, ఏడాదికి 100 గంటలు దాటితే తప్ప సొంత విమానం చవక కాదని తేలింది. నేను ఏ ఏడాదీ 100 దాటలేదు.

ఆ సంగతి తెలిసే ఉంచుకున్నాం. అద్దె విమానంలో దూరంగా ఉన్న గుడికి వెళ్ళి, దాన్ని రాత్రి అక్కడే ఉంచుకుంటామంటే స్కూలువాళ్ళు ఒప్పుకోరు, లేదా రోజుకు కనీసం ఇన్ని గంటలకని డబ్బు కట్టించుకుంటారు. మాకు కావాల్సింది శనివారం పొద్దున వెళ్ళి ఆదివారం సాయంత్రం రావడం.

ఆ 2,600ను నమ్ముకుని మాత్రం ఎవరూ బడ్జెట్ వేసుకోవద్దు. మరుసటి ఏడాది తనిఖీలో ఒక్కో సిలిండర్‌లోకి 80 పీఎస్‌ఐ ఒత్తిడితో గాలి పంపి ఎంత నిలుస్తుందో చూస్తున్నారు. మూడు సిలిండర్లు 70 పైనే. నాలుగోది 46 దగ్గర ఆగింది. మెకానిక్ గారు నన్ను పిలిచి ఎగ్జాస్ట్ గొట్టం దగ్గర చెవి పెట్టమన్నారు. బుస్సుమని సన్నగా గాలి వినిపించింది. ఎగ్జాస్ట్ వాల్వ్ సరిగ్గా మూసుకోవడం లేదు. సిలిండర్ విప్పి మార్చాల్సొచ్చింది. మొత్తం బిల్లు 4,900. ఐదు వారాలు విమానం నేల మీదే ఉంది, గాల్వెస్టన్ ప్రయాణం మానుకున్నాం. అదే ఏడాది విమానం ఎక్కడుందో తనంతట తానే ప్రసారం చేసే ఏడీఎస్-బీ పరికరం కూడా పెట్టించాం, ఇంకో 4 వేలు. 2020 జనవరి నుంచి అది లేకుండా డీఎఫ్‌డబ్ల్యూ (డాలస్-ఫోర్ట్‌వర్త్) లాంటి పెద్ద ఎయిర్‌పోర్టుల చుట్టూ 30 నాటికల్ మైళ్ళలో ఎగరకూడదు మరి. కాబట్టి కొన్న రోజే ఇంకో 10 వేలు ముట్టుకోకుండా పక్కన ఉండాలి. అవి లేకపోతే కొనకండి. ఈ మాట గట్టిగానే చెప్తున్నాను.

ఖర్చుకు భయపడి ఎగరడం తగ్గించుకుంటే ఇంకా నష్టం. వారాల తరబడి కదలకపోతే ఇంజిన్ పైభాగంలో ఉండి వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ మీది ఆయిల్ జారిపోయి తుప్పు పట్టే ప్రమాదం ఉంది. పైలట్ చెయ్యి కూడా అంతే. 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేసి ఉంటేనే మనుషుల్ని ఎక్కించుకోవాలని రూలు. నా మట్టుకు నాకు మూడు చాలవు. మూడు వారాలు ఖాళీ వస్తే ముందు ఒక్కదాన్నే వెళ్ళి వస్తాను, ఆ తర్వాతే పిల్లల్ని ఎక్కిస్తాను.

హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు కూడా అడుగుతుంటారు కాబట్టి ఒక మాట. నేర్చుకోవడానికి అడ్డు లేదు, నేను నేర్చుకున్నది ఆ వీసా మీదే. ముందు టీఎస్‌ఏ (అమెరికా రవాణా భద్రతా సంస్థ) అనుమతి తీసుకోవాలి, అంతే. కానీ సొంత పేరున విమానం రిజిస్టర్ కావాలంటే పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. మేం ఆగింది అందుకే.

ఇక సుఖం సంగతి. హ్యూస్టన్ దగ్గరి పియర్‌ల్యాండ్ మీనాక్షి అమ్మవారి గుడికి కారులో దాదాపు ఐదు గంటలు, అదీ ట్రాఫిక్ కరుణిస్తే. విమానంలో రెండుంబావు. బయల్దేరే ముందు రెక్కల కింద నుంచి చిన్న గాజు కప్పులోకి పెట్రోలు పట్టి చూడాలి. మొదటి రోజు నుంచీ అది మా పెద్దమ్మాయి పని. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. కప్పును ఆకాశం వైపు ఎత్తి పట్టుకుని, విమానం పెట్రోలుకు ఉండాల్సిన నీలం రంగు ఉందా, అడుగున నీటి బొట్టు చేరిందా అని ఒక కన్ను మూసి చూసేది. ఒకసారి భారీ వాన పడిన మర్నాడు, "అమ్మా, కింద బుడగ ఉంది" అంది. నిజంగానే కందిగింజంత నీటి బొట్టు. ట్యాంకు మూత రబ్బరు పగిలి వాన నీళ్ళు దిగాయి. శుభ్రమైన పెట్రోలు వచ్చేదాకా ఏడు కప్పులు వంపాం. ఆ రోజు ఎగరలేదు. చిన్న బొట్టే, కానీ నీళ్ళు ఇంజిన్‌దాకా వెళ్తే టేకాఫ్‌లో ఏమవుతుందో తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

కొనేటప్పుడు మేం ఆలోచించనిది ఒకటుంది. పిల్లలు పెరుగుతారు. నాలుగు సీట్లున్నాయంటే నలుగురు వెళ్ళవచ్చని కాదు. మా విమానం గరిష్ఠ బరువు 2,300 పౌండ్లు, ఖాళీ బరువు 1,440. మిగిలింది 860. గాలన్ పెట్రోలు 6 పౌండ్లు, 38 గాలన్లు పోస్తే 228. మనుషులకూ సామానుకూ 632 మిగులుతుంది. 2017లో నలుగురం సామానుతో 500 దాటేవాళ్ళం కాదు. ఇప్పుడు నలుగురం 593, బ్యాగులు 60, హెడ్‌సెట్లు, పనిముట్లు 20. అంటే 41 పౌండ్లు ఎక్కువ, దాదాపు ఏడు గాలన్లు తగ్గించుకోవాలి. దక్షిణపు గాలి 20 నాట్స్ (గంటకు దాదాపు 37 కిలోమీటర్లు) ఎదురైతే పియర్‌ల్యాండ్ చేరేసరికి గంట పెట్రోలు కూడా మిగలదు. గంట మిగలకుండా నేను దిగను, అందుకని మధ్యలో ఆగి పోయించుకుంటాం. ఎండాకాలం ఇంకా కష్టం. మధ్యాహ్నం 38 డిగ్రీలుంటే వేడికి గాలి పలచబడి, మా రన్‌వే మీదే విమానానికి 3,500 అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది, లేవడానికి ఆయాసపడుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పొద్దున తొమ్మిదిలోపే బయల్దేరతాం.

ఆరు సీట్ల విమానం చూశాం. మా వారు పట్టిక వేసి చూపించారు, ఏడాది ఖర్చు రెట్టింపు దాటుతోంది. పిల్లల చదువుల డబ్బు ముట్టుకోకూడదని మొదట్లోనే అనుకున్నాం, అక్కడితో ఆ ఆలోచన వదిలేశాం.

మమ్మల్ని నిలబెట్టింది 2021లో తీసుకున్న నిర్ణయం. పక్క హ్యాంగర్ కుటుంబానికి సగం వాటా అమ్మాం. ఎవరు ఏ వారాంతం వాడాలి, బిల్లు ఎలా పంచాలి, ఒకరు తప్పుకుంటే ధర ఎలా కట్టాలి, అన్నీ లాయర్‌తో రాయించాం. ధరలు పెరిగి ఇప్పుడు స్థిర ఖర్చు ఏడాదికి 11 వేలు, మా వంతు 5,500. విమానం ఎక్కువగా ఎగురుతోంది, ఇంజిన్‌కూ అదే మంచిది. మొదటి రోజే ఇలా కొనుంటే ఎంతో టెన్షన్ తప్పేది.

వచ్చే ఆగస్టులో పెద్దమ్మాయి లబక్‌లో కాలేజీకి వెళ్తుంది. ఎదురుగాలి లేకపోతే అక్కడికి రెండుంబావు గంటలు. ముగ్గురమే కాబట్టి ట్యాంకులు నిండా పోసుకున్నా 545 దాటం. మా వారు వచ్చే ఏడాది పట్టికలో ఆ ప్రయాణాలకని 30 గంటలు ఇప్పటికే రాసేశారు. పెట్రోలు కప్పు తమ్ముడికి ఎలా పట్టుకోవాలో అది పోయిన ఆదివారం నేర్పింది.