కాంపాక్ట్ కెమెరా ఫొటోల నాణ్యత: చెన్నైలో చాలాకాలం వాడిన తర్వాత

కొన్నేళ్లుగా చెన్నైలో నేను వాడుతున్నది 20 మెగాపిక్సెళ్ల కాంపాక్ట్ కెమెరా. దీని సెన్సర్ 13.2 × 8.8 మిల్లీమీటర్లది, అంటే చవక కాంపాక్టుల్లో ఉండే 1/2.3 అంగుళాల సెన్సర్‌కు వైశాల్యంలో దాదాపు నాలుగు రెట్లు. కెమెరా వెనుక ఉన్న చిన్న తెర మీద ఏ ఫొటో అయినా పదునుగానే కనిపిస్తుంది కాబట్టి, దాన్ని చూసి నాణ్యతను తేల్చకూడదు. కంప్యూటర్‌లో నూరు శాతానికి పెంచి వెంట్రుకలు, బట్ట నేత, ఆకుల అంచులు చూడాలి.

పగటి వెలుతురులో ఈ కెమెరాకు నేను పూర్తి మార్కులు వేస్తాను. మైలాపూరు కపాలీశ్వరస్వామి గుడి గోపురాన్ని ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 125, ఎఫ్/4 (లెన్స్ రంధ్రం కొలత; అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) దగ్గర తీస్తే గార బొమ్మల నగలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. అయితే ఎండ నేరుగా పడిన లేత రంగులు తెల్లగా తేలిపోతాయి కనుక ఎక్స్‌పోజర్‌ను 2/3 స్టాప్ (ఒక స్టాప్ తగ్గితే వెలుతురు సగమవుతుంది) తగ్గించి తీయడం మేలు. ఎఫ్/11 జోలికి మాత్రం పోకూడదు. పిక్సెళ్లు ఇంత చిన్నవైనప్పుడు వివర్తనం (సన్నని రంధ్రం గుండా వచ్చే వెలుతురు చెదిరి పరచుకోవడం) వల్ల ఫొటో అంతటా పదును తగ్గుతుంది.

అసలు పరీక్ష పెళ్లి మండపంలోనే. లెన్స్ వైడ్ కొసన, అంటే జూమ్ చేయనప్పుడు, ఎఫ్/1.8 ఉన్నా, జూమ్ చివర 100 మిల్లీమీటర్ల దగ్గర అది ఎఫ్/4.9కి పడిపోతుంది, అంటే లోపలికి వచ్చే వెలుతురు సుమారు ఏడో వంతే. తలంబ్రాల వేళ గాలిలోని బియ్యపు గింజలు గీతల్లా సాగకుండా షట్టర్ వేగాన్ని సెకనులో 250వ వంతుకు పెంచితే ఐఎస్ఓ 3200 దాటుతుంది. అలా తీసిన జేపెగ్‌లో (కెమెరా తానే సవరించి ఇచ్చే ఫొటో ఫైలులో) పెళ్లికూతురి కంచిపట్టు చీర అంచున జరీ పోగులన్నీ కలిసిపోయి పసుపు పూత పూసినట్లు కనిపించాయి, జడలోని మల్లెమొగ్గల మధ్య గీతలు చెరిగిపోయాయి. అదే క్షణపు రా ఫైలును (సెన్సర్ పట్టుకున్నది సవరించకుండా దాచే ఫైలును) తెరిచి చూస్తే, నాయిస్ (ఫొటో మీది చుక్కల మరక) గరుకుగా ఉన్నా పోగులు పోగులుగానే ఉన్నాయి. వివరాన్ని సెన్సర్ పట్టుకుంది, నాయిస్‌ను తుడిచే సాఫ్ట్‌వేర్ దాన్ని మింగేసింది. అందుకే జేపెగ్ ఒక్కటే చూసి ఈ రకం కెమెరాలకు తక్కువ మార్కులు వేయడం అన్యాయమని నా గట్టి నమ్మకం.

చెన్నైలో ఉండేవారు ఇంకొకటి గమనించాలి. ఏసీ హాలులోంచి ఉక్కలోకి రాగానే లెన్స్ మీద తేమ పట్టి ఫొటోలు మసకబారతాయి, అది లెన్స్ లోపం కాదు; కెమెరాను కాసేపు సంచిలోనే ఉంచి తీస్తే సరిపోతుంది.

ముద్రణ విషయానికొస్తే, ఐఎస్ఓ 800 లోపు ఫొటోలను 12 × 18 అంగుళాల్లో నిస్సంకోచంగా వేయించుకుంటున్నాను. మండపంలో జూమ్ చేసి తీసినవాటిని మాత్రం రా ఫైలు నుంచే సిద్ధం చేస్తాను, 8 × 12 దాటనివ్వను.