బెంగళూరులో రెస్క్యూ పేరుతో పెద్ద జాతి కుక్కపిల్లలను అంటగడుతున్నారు, జాగ్రత్త

బెంగళూరులో కుక్కపిల్లను అడాప్ట్ చేసుకోవాలనుకుంటున్న తెలుగువాళ్లు డబ్బు పంపేముందు దయచేసి ఇది చదవండి. "రెస్క్యూ చేసిన ల్యాబ్రడార్ క్రాస్, రెండు నెలలు, చాలా సాధువు" అని చెప్పి ఇచ్చిన పిల్ల మా ఇంటికి పార్వో జబ్బుతో (కుక్కపిల్లల ప్రాణం తీయగల వైరస్ జబ్బు) వచ్చింది. చెప్పిన వయసు అబద్ధం, టీకాల కార్డు కూడా అబద్ధం.

ఇచ్చినతను చక్కగా తెలుగులోనే మాట్లాడాడు. "అడాప్షన్ ఫ్రీయే అక్కా, టీకాలకీ బండికీ అయిన ఖర్చు మాత్రం ఇవ్వండి" అంటూ 9,500 రూపాయలు ఫోన్‌లో వేయించుకున్నాడు. షెల్టర్‌కి వచ్చి చూస్తామంటే వద్దన్నాడు, మిగతా కుక్కలు బెదురుతాయట. కేఆర్ పురం బ్రిడ్జి దగ్గర ఆటో ఆపి, అట్టపెట్టెలోంచి తీసి మా చేతిలో పెట్టాడు. మా గురించి ఒక్క ప్రశ్న లేదు. ఇల్లు సొంతమా అద్దెదా, పగలు ఇంట్లో ఎవరుంటారు, ఇంత పెద్దగా పెరిగే కుక్కకు చోటుందా, ఏదీ అడగలేదు. నిజంగా కుక్కలను కాపాడేవాళ్లు మొదట అడిగేవి ఇవే. ఫారం నింపిస్తారు, గుర్తింపు కార్డు చూస్తారు, వయసు వచ్చాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తామని రాయించుకుంటారు. కొందరు ఇంటికొచ్చి చూసి వెళ్తారు కూడా. అలా విసిగించేవాళ్లనే నమ్మండి.

"సాధువు" అన్న మాట దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఒళ్లో పెట్టుకుంటే పిల్ల కదల్లేదు. మా అమ్మాయి చెవులు పట్టుకున్నా ఊరుకుంది. "చూశారా అక్కా, ఎంత శాంతమో" అన్నాడతను. ఆ వయసు పిల్ల ఒంట్లో బాగుంటే, మెలకువగా ఉన్నంతసేపూ గెంతుతుంది, వేళ్లు కొరుకుతుంది, చెప్పు లాక్కుపోతుంది, అలసిపోయి ఉన్నచోటే పడి నిద్రపోతుంది. కొత్త చోట బెదిరి మూల నక్కినా, తిండి వాసన వస్తే ముక్కు కదుపుతుంది, చప్పుడైతే తల తిప్పుతుంది. ఇవేవీ లేని పిల్ల నీరసంగా ఉందని అర్థం. అది మంచి స్వభావం అనుకుని తెచ్చుకునేవాళ్లు, ముఖ్యంగా ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు, ఎక్కువగా మోసపోతున్నారు.

మర్నాడే వాంతులు, రాత్రికి రక్త విరేచనాలు. డాక్టరుగారు మలం పరీక్ష చేసి పార్వో అన్నారు. నోరు తెరిచి చూసి, దీనికి ఐదు వారాలకు మించి ఉండవన్నారు. కుక్కపిల్లకు 28 పాలపళ్లు, రెండు నెలలకల్లా దాదాపు అన్నీ వచ్చేస్తాయి. దీనికి వెనక పళ్లు ఇంకా రానేలేదు. పెద్ద జాతి కలిసిన పిల్ల ఒళ్లు పెద్దగా ఉంటుంది కాబట్టి ఐదు వారాలది కూడా రెండు నెలలదిలా కనిపిస్తుంది. ఎనిమిది వారాల లోపు పిల్లలను అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నియమాలు చెబుతున్నాయి. అడాప్షన్ అని పేరు పెట్టి దాన్ని తప్పించుకుంటున్నారు.

కార్డులో రెండు టీకాలు వేసినట్టు రాసి ఉంది. మొదటి డోసే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య వేస్తారు, తర్వాత పదహారు వారాలు వచ్చేదాకా మూణ్నాలుగు వారాలకోటి. ఐదు వారాలకే రెండు ఎలా అవుతాయి? నిజమైన కార్డులో ప్రతి టీకా పక్కన సీసా మీది స్టిక్కర్ అంటించి ఉంటుంది, దాని మీద బ్యాచ్ నంబర్ ఉంటుంది, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటాయి. మాకిచ్చిన దాంట్లో పెన్నుతో రాసిన తేదీలు తప్ప ఏమీ లేవు.

పిల్లను ఇచ్చినతనికి ఫోన్ చేస్తే "మీ ఇంట్లోనే తగులుకుని ఉంటుంది" అన్నాడు. వైరస్ సోకాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. ఒక్క రాత్రికే ఎలా వస్తుందని అడిగాం. ఆ తర్వాత నంబర్ బ్లాక్. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం. డబ్బు తీసుకుని అసలు కుక్కనే ఇవ్వకపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు వెనక్కి రావడం కష్టం.

మా పిల్ల బతికింది. పార్వో వైరస్‌ను చంపేసే మందంటూ లేదు. సెలైన్ ఎక్కించి, వాంతులు ఆపి, వేరే ఇన్ఫెక్షన్లు రాకుండా చూస్తూ ఒళ్లు తట్టుకునేదాకా నిలబెట్టాలి. డాక్టర్లు అదే చేశారు. ఇప్పుడది సోఫా అంచులన్నీ కొరికేస్తోంది, మాకు చాలా సంతోషంగా ఉంది. కానీ ఆ వైరస్ నేల మీద నెలల తరబడి ఉంటుంది, ఫినాయిల్‌కు చావదు. ముందు శుభ్రంగా కడిగి, తర్వాత ఒక వంతు లిక్విడ్ బ్లీచ్‌కు ముప్పై వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచాలి. మీ మెట్ల మీద, పార్కింగ్‌లో ఇలాంటి కేసు జరిగి ఉంటే టీకాలు పూర్తికాని పిల్లను అక్కడ దింపకండి.

ఆ రోజు అదే పెట్టెలో ఇంకో రెండు పిల్లలున్నాయి, ఒకటి పూర్తి నలుపు, ఇంకొకటి గోధుమరంగు, ఛాతీ మీద తెల్ల మచ్చ. వాటిని ఎవరు తీసుకున్నారో మాకు తెలియదు. మీ దగ్గరుంటే, హుషారుగా కనిపిస్తున్నా సరే, ఈరోజే డాక్టరుకు చూపించండి. హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది, క్వీన్స్ రోడ్డులో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. తిండి మానేసినా, ఒక్కసారి వాంతి చేసుకున్నా తెల్లారేదాకా ఆగకండి.