ముందు అవసరాల అధ్యయనమా, ముందు ప్రయోగాత్మక ప్రాజెక్టా?

పటాలనూ వాటిలోని స్థలాల వివరాలనూ కంప్యూటర్‌లో కలిపి చూపే భౌగోళిక సమాచార వ్యవస్థను, అంటే జీఐఎస్‌ను, ప్రవేశపెట్టదలచిన సంస్థ ముందు రెండు దారులుంటాయి: అన్ని విభాగాల అవసరాలను ముందుగా సమగ్రంగా అధ్యయనం చేయడం, లేదా ఒక విభాగంలో చిన్న ప్రాజెక్టు మొదలుపెట్టి అనుభవంతో నేర్చుకోవడం.

మొదటి దారిలో ప్రశ్న సాఫ్ట్‌వేర్ గురించి కాదు, పని గురించి. 1960లలో కెనడాలో తొలి జీఐఎస్‌కు రూపమిచ్చిన రోజర్ టాంలిన్సన్ కూడా సంస్థకు చివరికి ఏ సమాచారం చేతికందాలో ముందు తేల్చుకోవాలనే చెప్పారు. పగిలిన నీటి పైపు కోసం ఎక్కడ తవ్వాలో ఒక విభాగం తెలుసుకోవాలనుకుందాం. 1:50,000 స్కేలు పటంపై అర మిల్లీమీటరు గీత నేలమీద 25 మీటర్ల వెడల్పుతో సమానం. దాన్ని నమ్ముకుంటే రోడ్డంతా తవ్వాల్సి వస్తుంది. అదే గీత 1:1,000 పటంలో అర మీటరే. ఈ ఒక్క లెక్క ముందే వేసుకుంటే ఎలాంటి సర్వే కావాలో, ఖర్చు ఏ స్థాయిలో ఉంటుందో అంచనాకు వస్తుంది. నా దృష్టిలో అధ్యయనం అసలు విలువ ఇక్కడే ఉంది.

రెండో దారి త్వరగా ఫలితం చూపుతుంది. క్యూజీఐఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాడితే లైసెన్సు ఖర్చు కూడా ఉండదు. పటాన్ని తెరమీద చూసేదాకా తమకేం కావాలో చెప్పలేని సిబ్బందికి ఇది నిజంగా ఉపకరిస్తుంది. అయితే ఒక విభాగం ఎంచుకున్న కోఆర్డినేట్ పద్ధతీ (నేలమీది స్థానాన్ని అంకెల్లో చెప్పే విధానం), ఆస్తుల గుర్తింపు సంఖ్యలూ మరో విభాగానికి పొసగకపోతే డేటా మొత్తాన్ని మళ్లీ సరిచేయాలి.

అనేక విభాగాలు ఒకే డేటాను పంచుకోవలసిన సంస్థకు నేను మొదటి దారినే సూచిస్తాను. ఒకే పని ఉన్న చిన్న సంస్థ నిస్సంకోచంగా ప్రాజెక్టుతో మొదలుపెట్టవచ్చు, కానీ కోఆర్డినేట్ పద్ధతిని మాత్రం మొదటి రోజే నిర్ణయించి రాసిపెట్టుకోవాలి.