‘సర్వీసు చేసిన’ నీటి హౌసింగ్ కొనబోయేవారికి హెచ్చరిక

హనుమకొండలోని ఒక కెమెరా దుకాణంలో, నీటి అడుగున ఫొటోలు తీయడానికి కెమెరాకు తొడిగే హౌసింగ్‌ను 38,000 రూపాయలకు కొన్నాను. అది అంతకుముందు ఎవరో వాడినదే. 40 మీటర్ల లోతు వరకు తట్టుకుంటుందని దాని వెనుక అచ్చు వేసి ఉంది. ఓ-రింగులన్నీ (నీరు లోపలికి రాకుండా ఆపే రబ్బరు రింగులు) మార్చి సర్వీసు చేశామని అమ్మిన వ్యక్తి నోటిమాటగా చెప్పారు. మెక్సికోలో తులుమ్ దగ్గరి ఒక సెనోట్‌లో, 14 మీటర్ల దగ్గరే, అందులోకి నీరు చేరి కెమెరా పాడైపోయింది.

సున్నపురాయిని నీరు తొలిచి, పైకప్పు కూలి ఏర్పడిన సహజమైన గుంతనే అక్కడ సెనోట్ అంటారు. దిగుడుబావుల్లో ఈత నేర్చుకున్న మనవాళ్లకు చూడగానే ఊరి బావి గుర్తొస్తుంది, నీళ్లు మాత్రం గాజులా ఉంటాయి. తులుమ్ వైపు సముద్రం దగ్గర కాబట్టి లోతైన సెనోట్లలో పైన మంచినీరు, అడుగున ఉప్పునీరు ఉంటాయి. రెండూ కలిసే పొరను హాలోక్లైన్ అంటారు. గ్లాసెడు నీళ్లలో పంచదార పాకం పోస్తే కదలాడే మసకలాగా అక్కడ చూపు అలికినట్టవుతుంది. నేను మోసపోయింది ఇక్కడే. తెరమీద బొమ్మ మసకబారితే అది ఆ పొర వల్లేననుకుని మరో మూడుసార్లు దిగాను. పైనున్న మంచినీటిలోకి వచ్చాక కూడా మసక పోకపోయేసరికి హౌసింగ్ ముందుండే గుండ్రటి అద్దాన్ని, అంటే డోమ్‌ను వంచి చూస్తే, శనగగింజంత నీటిచుక్క అడుగున దొర్లుతూ కనిపించింది. దాన్నే చూస్తూ నీటిలోనే ఉండిపోయిన నన్ను, తాడు దగ్గర కాపు కాస్తున్న జోడీ భుజం తట్టి పైకి పంపించాడు. ఒక్క ఊపిరితో దిగినవాడు అలా మైమరచి ఉండకూడదు. ఆ తప్పు నాదేనని ఒప్పుకుంటున్నాను.

తిరిగొచ్చాక హైదరాబాదులో ఒక మరమ్మతు నిపుణుడు నా ముందే దాన్ని విప్పారు. తలుపు చుట్టూ ఉండే పెద్ద ఓ-రింగు కొత్తదే, గ్రీజుతో నిగనిగలాడుతోంది. అయితే ఒక్కొక్క బటన్ కాడకూ విడిగా ఒక సన్నని రింగు ఉంటుంది. అది పైకి కనబడదు. ఎడమవైపు మూడో బటన్ తీసేసరికి కింద తెల్లటి ఉప్పు గడ్డకట్టి ఉంది, స్ప్రింగు తుప్పుపట్టింది, రింగు ఒక పక్క బల్లపరుపుగా అణిగిపోయింది. ఆ ఉప్పు నా ఒక్క ప్రయాణంలో పేరుకున్నది కాదని, అంతకుముందు సముద్రంలో వాడి మంచినీటితో సరిగ్గా కడగలేదని ఆయన తేల్చారు.

నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది, కాబట్టి 14 మీటర్ల దగ్గర, పైనున్న గాలి పీడనం ఒకటి కూడా కలిపి, మొత్తం 2.4 వాతావరణాలు. సిలిండర్‌తో దిగేవారు ఒకసారి దిగి చాలాసేపు ఉంటారు. సిలిండర్ లేకుండా ఒక్క ఊపిరితో దిగే ఫ్రీడైవింగ్‌లో ఒక పూటలోనే పదిహేను ఇరవైసార్లు దిగి ఎక్కుతాం. ప్రతిసారీ రింగులు, స్ప్రింగులు నొక్కుకుపోయి మళ్లీ సడలుతాయి. నీరసించిన స్ప్రింగు లోతులో తిరిగి పైకి రాదు. దుకాణంవారు చూపించిన పరీక్ష మాత్రం బకెట్ నీళ్లలో పది నిమిషాలు ముంచడం! టిష్యూ కాగితం తడవలేదని నేనూ సంబరపడి డబ్బు కట్టాను.

నర్సంపేట దగ్గర మా మామయ్య పొలం బావిలో వానలయ్యాక ఎనిమిది మీటర్ల నీళ్లుంటాయి. కెమెరా లేని ఖాళీ హౌసింగ్‌లో టిష్యూ పెట్టి, అది తేలకుండా రాయి కట్టి, తాడుతో అడుగుదాకా దించి అరగంట ఉంచితే నా అనుమానం అక్కడే తీరేది. మీరు కొనేదానికి వాక్యూమ్ వాల్వు ఉంటే పంపుతో గాలి లాగి, అరగంట సేపు పీడనం నిలుస్తుందో లేదో దుకాణంలోనే చూడండి. ఆలోగా ప్రతి బటన్‌నూ పదేసిసార్లు నొక్కి వదలండి. బటన్ రింగులు మార్చారా అని విడిగా అడిగి, మార్చామంటే పాత రింగులు చూపించమనండి.

నా బిల్లులో ‘కెమెరా సామగ్రి – 1’ అని మాత్రమే ఉంది. సీరియల్ నంబరు లేదు, సర్వీసు చేసినట్టు ఒక్క ముక్కా లేదు. దుకాణానికి తీసుకెళ్లి చూపిస్తే, “నీళ్లు లోపలికి పోతే వారంటీ రాదన్నా” అన్నారు. నీళ్లు లోపలికి పోకుండా ఆపడం తప్ప హౌసింగ్‌కు మరో పనేముందో నాకర్థం కాలేదు. మరమ్మతు నిపుణుడి రాతపూర్వక నివేదిక, ఫొటోలు జతచేసి 1915 వినియోగదారుల సహాయవాణిలో ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను; 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అందుకు రెండేళ్ల గడువుంది, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే రుసుము లేదు.

ఒకే చోట అద్దెకు తిరిగిన మూడు హౌసింగులు కలిపి కొన్నామని అమ్మిన రోజున దుకాణంవారే చెప్పారు. మొన్న వెళ్లినప్పుడు మిగిలిన రెండూ ‘సర్వీసు చేసినవి’ అనే చీటీతో ఆ అద్దాల బీరువాలోనే ఉన్నాయి.