‘ఫ్రీ క్యాన్సిలేషన్’కు నాకు పడిన బిల్లు 6,860 రూపాయలు

విదేశీ హోటల్‌కు ముందే కార్డుతో డబ్బు కట్టబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి.

గబగబా చెప్పేస్తాను. పారిస్‌లో హోటల్, 1,200 యూరోలు, ఫ్రీ క్యాన్సిలేషన్. వీసా రాలేదు, గడువులోపే క్యాన్సిల్ చేశాం. హోటల్‌వాళ్లు ఒక్క సెంటు కూడా ఉంచుకోకుండా మొత్తం వెనక్కి పంపారు. వాళ్లనేమీ అనను. కథంతా మన బ్యాంకుది.

కట్టిన రోజు యూరో 90 లెక్కన 1,08,000. దానిపై ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీలో కడితే బ్యాంకు వేసుకునే అదనపు చార్జీ) మూడున్నర శాతం, అంటే 3,780. ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 680. రిఫండ్ వచ్చిన రోజు యూరో 88 అట, 1,05,600 పడింది. స్టేట్‌మెంట్‌లో మార్కప్, జీఎస్టీ లైన్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, తిరిగొచ్చింది మాత్రం లేదు. కొన్నప్పుడు ఇచ్చిన రివార్డ్ పాయింట్లు మాత్రం అదే రోజు లాగేసుకున్నారు! అది బాగానే గుర్తుంది వీళ్లకు.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, ఆ పాట అంతా వినిపించాక ఒకబ్బాయి లైన్లోకి వచ్చాడు. “మీ 1,200 యూరోలూ వచ్చేశాయి కదా సార్.” నేనేమన్నా యూరోల్లో బిల్లు కట్టానా? రేటు సంగతి వదిలెయ్ బాబూ, మార్కప్ మాటేంటి అన్నాను. “అది కన్వర్షన్ చార్జీ సార్, కన్వర్షన్ అయితే జరిగింది కదా.” నేను గొంతు పెంచేసరికి అడిగాడు: “యూరో పెరిగి మీకే లాభం వచ్చుంటే ఇలా ఫోన్ చేసేవారా సార్?” వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. ఒళ్లు మండిపోయింది. యూరో 93 అయినా నాకు కలిసొచ్చేది 3,600, మార్కప్, జీఎస్టీ కలిపి వీళ్లు పట్టుకున్నది 4,460. అప్పుడూ నష్టమే! ఈ లెక్క ఫోన్ పెట్టేశాక తట్టింది, నా ఖర్మ.

ఇప్పుడు బ్యాంకుకు మెయిల్‌లో కంప్లయింట్ పెట్టాను. రేటు తేడా అడగలేదు, అది మార్కెట్‌ది, అడిగినా దానిమీదే వాదన పెట్టుకుని అసలు సంగతి దాటేస్తారు. మార్కప్, దాని మీద జీఎస్టీ, ఈ రెండే విడిగా రాసి, స్టేట్‌మెంట్, హోటల్ క్యాన్సిలేషన్ మెయిల్ జతచేశాను. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఆర్‌బీఐ కంప్లయింట్ల వెబ్‌సైట్ సీఎంఎస్ పోర్టల్లో అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అధికారి) వెళ్లొచ్చు. ఫీజు లేదు. కంప్లయింట్ నంబర్ దాచుకోండి, ఫోన్లో చెప్పిన మాటలు అక్కడ పనికిరావు.

ఇంకొకటి. పేమెంట్ ఇంకా పెండింగ్‌లో ఉండగానే క్యాన్సిల్ చేస్తే, రిఫండ్ కాదు, ట్రాన్సాక్షన్నే వాయిడ్ చేయమని, అంటే అసలు జరగనట్టే రద్దు చేయమని హోటల్‌ను అడగండి. అలా చేస్తే ఈ తంటా రాదు. పేజీలో రూపాయల్లో కట్టమని చూపిస్తే సేఫ్ అనుకోకండి, ఆ రేటులో వాళ్ల కోత వాళ్లకుంటుంది. వీసా చేతికి రాకముందైతే, హోటల్‌కు వెళ్లాక డబ్బు కట్టే ఆప్షన్ ఉంటే అదే తీసుకోండి.