స్టాన్లీ పక్కనా, శాన్ కార్లోస్‌లోనా: ఫాక్లండ్స్‌లో ఎక్కడ దిగడం మేలు?

1982 ఏప్రిల్ 2న అర్జెంటీనా, దక్షిణ అట్లాంటిక్‌లో బ్రిటన్ ఏలుబడిలో ఉన్న ఫాక్లండ్ దీవులను ఆక్రమించింది. వాటిని తిరిగి పట్టుకోవడానికి బ్రిటన్ నౌకలు దాదాపు 13 వేల కిలోమీటర్లు వచ్చాయి. సైన్యాన్ని ఎక్కడ దించాలన్నదే అసలు టెన్షన్.

మ్యాపు చూస్తే ఎవరి వేలైనా రాజధాని స్టాన్లీ మీదికే పోతుంది. విమానాశ్రయం, రేవు, అర్జెంటీనా సేనాని మెనెండెజ్ అన్నీ అక్కడే. పక్కనే దిగితే నడక తప్పుతుంది, చలికాలం ముదిరేలోగా పని తేలిపోతుంది. కానీ అర్జెంటీనా ఎదురుచూస్తున్నదీ అక్కడే. సైన్యంలో ఎక్కువ భాగం ఆ చుట్టుపక్కలే ఉంది, తీరంలో మందుపాతరలున్నాయి. పశ్చిమ దీవిలో దిగాలన్న ఆలోచనా వచ్చింది గానీ, అక్కడ దిగితే స్టాన్లీ ఉన్న తూర్పు దీవికి రావడానికి మళ్లీ జలసంధి దాటాలి.

శాన్ కార్లోస్ అఖాతం అదే తూర్పు దీవిలో, స్టాన్లీకి 80 కిలోమీటర్ల పడమర. చుట్టూ గుట్టలు. గుట్ట దాటి దాడికి వచ్చిన అర్జెంటీనా పైలట్‌కు గురి చూసుకోవడానికి క్షణాలే దొరుకుతాయి. మరీ తక్కువ ఎత్తులోంచి వదిలిన బాంబులు చాలావరకు ఓడలకు తగిలినా పేలలేదు. ఎక్సోసెట్ క్షిపణులకూ అక్కడ ఓడలు చిక్కవు. మే 21న సైన్యం పెద్దగా ప్రతిఘటన లేకుండానే ఒడ్డెక్కింది.

చెల్లించిన మూల్యం తక్కువేం కాదు. ఆ రోజే బాంబులు తగిలిన ఆర్డెంట్, తర్వాత యాంటెలోప్ అనే యుద్ధనౌకలు మునిగాయి. మే 25న బయటి సముద్రంలో అట్లాంటిక్ కన్వేయర్ అనే సరుకు ఓడకు ఎక్సోసెట్లు తగిలి, సైన్యాన్ని మోయాల్సిన 3 చినూక్ హెలికాప్టర్లు అందులోనే కాలిపోయాయి. ఇక కమాండోలకూ పారాట్రూపర్లకూ నడకే గతి. దాదాపు 40 కిలోల మూట వీపున, కాలు దిగబడే బురద నేల, లోపలికి నీళ్లు కారే బూట్లు. చాలామందికి పాదాలు చెడిపోయాయి.

అయినా నా ఓటు శాన్ కార్లోస్‌కే. ఓడలు పోయినా ఒడ్డు మీద పట్టు చేజారలేదు. స్టాన్లీ దగ్గర్లో పట్టపగలు ఓడలు ఆగితే ఏమవుతుందో జూన్ 8న ఫిట్జ్‌రాయ్‌లో తెలిసింది: సైనికులు దిగడం ఆలస్యమైన సర్ గలహాడ్ ఓడ మీద బాంబులు పడి 48 మంది చనిపోయారు. మొదటి రోజే, ఒడ్డున ఒక్క ఫిరంగీ లేకుండా అలాంటి దెబ్బ తగిలితే రెండోసారి ప్రయత్నించడానికి బలగం మిగిలేది కాదు. నేనైతే చోటు మార్చను, చినూక్‌లన్నిటినీ ఒకే ఓడలో ఎక్కించడాన్నే మార్చేవాణ్ణి.